అయస్కాంతం కదిలితేనే కరెంటు

(విశాఖపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం ఇంటర్, డిగ్రీ విద్యార్థులకూ వాళ్ల తల్లిదండ్రులకూ చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు చదువుకుంటారని రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్లు ముందుకు రండి బాబూ, కింద కూర్చున్నా ఫరవాలేదు. బల్ల మీద పెట్టినవి దగ్గరగా ఉంటేనే కనబడతాయి.

ఇదిగో, ఇది రాగి తీగ చుట్ట. దీని రెండు కొసలూ కరెంటుని చూపే ఈ మీటరుకి కలిపాను. ఇది మంచి బలమైన అయస్కాంతం. చుట్టలో పెడుతున్నాను. పెట్టాను. చూడండి, ముల్లు ఎక్కడుంది? సున్నా మీద. ఇంకాసేపు ఉంచుదామా? ఉంచుదాం. రేపటిదాకా ఉంచినా అక్కడే ఉంటుంది. దీని బదులు పదింతల బలమైన అయస్కాంతం తెచ్చి పెట్టినా అంతే, సున్నా. ఇప్పుడు బయటికి లాగుతున్నాను, చూడండి. ముల్లు కొట్టుకుంది కదా! లోపలికి తోశాను, రెండో వైపుకి కొట్టుకుంది. ఆపాను, మళ్లీ సున్నా. మీ ఇంట్లో ఫ్యాను తిరగడానికి, ఫోను చార్జింగ్ కావడానికి మూలం ఈ ముల్లు కదలికే. ఇవాళ నేను చెప్పేదంతా దీని గురించే. అయస్కాంతం ఉన్నంత మాత్రాన కరెంటు రాదు. ఏదో ఒకటి మారాలి. మారుతున్నంతసేపే వస్తుంది. ఇంకోటి, ఆ మార్పు తేవడానికి ఎవరో ఒకరు శ్రమ పడాలి.

ముందు కరెంటు అంటే ఏమిటో చూద్దాం. రాగి తీగలో ఎలక్ట్రాన్లు ఉంటాయి, అవి ఒక వైపుకి జరిగితే కరెంటు. ఒక ఆంపియర్ అంటే తీగలో ఏదో ఒక చోటు దాటి సెకనుకి సుమారు 6 పక్కన 18 సున్నాలన్ని ఎలక్ట్రాన్లు పోతున్నట్టు. ఇక్కడ ఒక ప్రశ్న. అవి ఎంత వేగంగా పోతాయి? చెప్పండి. మెరుపు వేగమా? కాంతి వేగమా? అందరూ అదే అంటారు. లెక్క వేసి చూడండి, ఇళ్లలో వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 5 ఆంపియర్లు పోతుంటే ఎలక్ట్రాన్లు ముందుకి జరిగేది సెకనుకి పావు మిల్లీమీటరు. గంటకి ఒక మీటరు కూడా రాదు. మరి స్విచ్ వేయగానే లైటెలా వెలుగుతుంది? గొట్టం నిండా ముందే నీళ్లున్నాయనుకోండి, ఈ కొసన కుళాయి తిప్పగానే ఆ కొసన నీళ్లు పడతాయి, ఇక్కడి నీళ్లు అక్కడిదాకా నడిచి వెళ్లేదాకా ఆగక్కర్లేదు. తీగ నిండా ఎలక్ట్రాన్లు ఎప్పుడూ ఉంటాయి. తోపు మాత్రం దాదాపు కాంతి వేగంతో అందుతుంది. ఆ తోపునే వోల్టేజీ అంటాం, మన ఇళ్లకి వచ్చేది 230 వోల్టులు. ఇంకో విషయం, ఇళ్లకి వచ్చేది ఏసీ, సెకనుకి 50 సార్లు ముందుకీ వెనక్కీ ఊగే కరెంటు. కాబట్టి మీ ఇంటి తీగలో ఎలక్ట్రాన్లు ఎక్కడికీ పోవు, ఉన్నచోటే కాస్త అటూ ఇటూ కదులుతాయంతే. సింహాద్రి పవర్ ప్లాంటు నుంచి బయల్దేరిన ఎలక్ట్రాను మీ ఇంటికి రాదు. వచ్చేది శక్తి.

వోల్టేజీ పెరిగితే కరెంటు పెరుగుతుంది, తీగలో అడ్డు పెరిగితే తగ్గుతుంది అనే ఓమ్ నియమం మీ అందరికీ వచ్చు, దాని మీద టైము పెట్టను.

ఇక అయస్కాంతం. దీన్ని చూడటానికి ల్యాబ్‌కి వెళ్లక్కర్లేదు. ఆర్కే బీచ్‌లో గానీ, భీమిలి వైపు గానీ ఇసుకలో నల్లటి చారలు కనబడతాయి, చూసే ఉంటారు. కొంతమంది అది మురికి అనుకుంటారు. మురికి కాదమ్మా, బరువైన ఖనిజాలు. ఇల్మెనైట్, గార్నెట్ లాంటివి. వాటితోపాటు మాగ్నెటైట్ రేణువులూ ఉంటాయి. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఆ ఇసుకలో తిప్పండి, నల్ల రేణువులు మీసాల్లా లేచి అంటుకుంటాయి. కవర్ ఎందుకంటే, లేకపోతే అయస్కాంతం నుంచి వాటిని వదిలించలేక చస్తారు. మాగ్నెటైట్ అంటే ఇనుము, ఆక్సిజన్ కలిసిన రాయి. మన పెద్దవాళ్లు సూదంటురాయి అన్నది దాన్నే. వేల ఏళ్లపాటు మనుషులకి తెలిసిన అయస్కాంతం ఇదొక్కటే. అయస్కాంతం సంగతి వేరు, దువ్వెనతో తల దువ్వి కాగితం ముక్కల్ని లాగే విద్యుత్తు సంగతి వేరు, రెండింటికీ సంబంధం లేదనే చాలా కాలం అనుకున్నారు.

సంబంధం ఉందని తేలింది 1820లో, కోపెన్‌హాగన్‌లో. ఓయెర్‌స్టెడ్ అనే ప్రొఫెసర్ తీగలో కరెంటు పంపినప్పుడు పక్కనున్న దిక్సూచి ముల్లు కదిలింది. అదీ ఎలా? తీగ వైపుకి లాక్కోబడలేదు, తీగ నుంచి దూరంగా నెట్టబడలేదు. తీగకి అడ్డంగా తిరిగింది. అప్పటిదాకా తెలిసిన బలాలన్నీ లాగడమో తోయడమో. ఇదేమో తీగ చుట్టూ గుండ్రంగా పనిచేసే బలం. కరెంటు పారితే తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుందన్నమాట. తీగని చుట్టలా చుట్టి మధ్యలో ఇనుము పెడితే బలమైన విద్యుదయస్కాంతం అవుతుంది. ఇనుప తుక్కుని గుట్టలుగా ఎత్తే క్రేన్లు అవే. స్విచ్ తీస్తే తుక్కు కింద పడుతుంది.

దీని ప్రభావం ఎంత దూరం పోతుందో చెప్పడానికి మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. ముంబైలో కొలాబాలో భూమి అయస్కాంత క్షేత్రాన్ని రోజూ కొలిచే పరిశీలనశాల ఉండేది. అక్కడ ట్రాములు కరెంటుతో నడపాలని నిర్ణయించేసరికి, ట్రాము తీగల్లో పారే కరెంటు కొలతల్ని పాడుచేస్తుందని గ్రహించి, 1904కల్లా ఆ పనిని సముద్రం అవతల అలీబాగ్‌కి మార్చేశారు. ఇప్పటికీ అక్కడే కొలుస్తున్నారు. ఒక ఊళ్లో ట్రాము కోసం అయస్కాంత కొలతల పని మొత్తం ఊరు మారింది చూడండి.

సరే. కరెంటు అయస్కాంతాన్ని పుట్టిస్తే, అయస్కాంతం కరెంటుని పుట్టించాలి కదా? న్యాయంగా అడగాల్సిన ప్రశ్న. అప్పట్లో అందరూ అదే అడిగారు. లండన్‌లో మైకేల్ ఫారడే అయస్కాంతత్వాన్ని విద్యుత్తుగా మార్చాలి అని 1822లోనే నోటుపుస్తకంలో రాసుకున్నాడు. కమ్మరి కొడుకు. పెద్ద చదువు లేదు, పుస్తకాలు బైండింగ్ చేసే షాపులో పని నేర్చుకుంటూ, బైండింగ్‌కి వచ్చిన పుస్తకాలే చదువుకున్నాడు. అలాంటివాడికి కూడా ఇది దొరకడానికి 1831దాకా పట్టింది. ఎందుకు పట్టింది? అందరూ తప్పు చోట వెతికారు కాబట్టి. ఓయెర్‌స్టెడ్ దగ్గర కరెంటు నిలకడగా పారుతుంటే అయస్కాంతత్వం నిలకడగా వచ్చింది. కాబట్టి నిలకడగా ఉన్న అయస్కాంతం నిలకడగా కరెంటు ఇవ్వాలి అనుకున్నారు. తీగ పక్కన బలమైన అయస్కాంతాలు పెట్టి ఎదురుచూశారు.

జెనీవాలో కొలాడాన్ అనే ఆయన ఉండేవాడు. ఈయన కథ నాకు ఎప్పుడు తలుచుకున్నా మనసు చివుక్కుమంటుంది. 1825లో ఆయన సరిగ్గా ఇందాక నేను చేసిన ప్రయోగమే చేశాడు, తీగచుట్టలోకి పెద్ద అయస్కాంతాన్ని తోశాడు. కానీ చాలా జాగ్రత్త మనిషి. అయస్కాంతం దగ్గరుంటే గాల్వనోమీటరు, అంటే కరెంటుని చూపే మీటరు, ముల్లుని అదే కదిలిస్తుంది, అది కరెంటు వల్ల కదిలిందనుకుని మోసపోతాం అని, పొడుగు తీగలు వేసి మీటరుని పక్క గదిలో పెట్టాడు. ఇక్కడ అయస్కాంతాన్ని తోసి, అక్కడికి నడిచి వెళ్లి చూసేవాడు. వెళ్లేసరికి ముల్లు ఎక్కడుంటుంది? చెప్పండి, మీరిప్పుడే చూశారుగా. సున్నా! ఆయన నడుస్తున్నంతలోనే ముల్లు కొట్టుకుని తిరిగి వచ్చేసింది. పక్క గదిలో ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టి ఉంటే ఇవాళ మన పుస్తకాల్లో ఫారడే పేరు ఉన్నచోట ఆయన పేరు ఉండేదేమో. అంత జాగ్రత్తపడినా మార్పు జరుగుతున్న క్షణంలో మీటరు ముందు లేకపోవడంతో మొత్తం చేజారిపోయింది.

ఫారడే 1831 ఆగస్టు 29న చేసింది వేరే విధంగా ఉంటుంది. మెత్తటి ఇనుముతో చేసిన ఉంగరం, ఇంత, సుమారు ఆరంగుళాల వెడల్పు. దాని మీద ఒక వైపు ఒక తీగచుట్ట, రెండో వైపు ఇంకో తీగచుట్ట. రెండింటికీ తీగ కలపలేదు, మధ్యలో ఉన్నది ఇనుమే. ఒకదానికి బ్యాటరీ, రెండోదానికి గాల్వనోమీటరు. బ్యాటరీ కలిపినప్పుడు ముల్లు కొట్టుకుంది, ఆగిపోయింది. బ్యాటరీ తీసినప్పుడు మళ్లీ కొట్టుకుంది, ఈసారి రెండో వైపుకి. మధ్యలో కరెంటు నిండుగా పారుతున్నంతసేపు ఏమీ లేదు. ఆ చిన్న కొట్టుకోవడాన్ని ఇంకొకరైతే తీగ వదులుగా ఉందేమో అని వదిలేసేవారు. ఆయన వదల్లేదు. అక్టోబరులో అయస్కాంతాన్నే చుట్టలో ఆడించి చూశాడు. అదే ఫలితం. ఈ ఉంగరాన్ని గుర్తుపెట్టుకోండి, దానితో మనకి ఇంకా పని ఉంది.

అదీ విద్యుదయస్కాంత ప్రేరణ. చుట్టలోంచి పోయే అయస్కాంత క్షేత్రం మొత్తాన్ని అభివాహం అంటారు, అది ఎంత ఉందన్నది లెక్కలోకి రాదు, ఎంత వేగంగా మారుతోందన్నదే లెక్క. వేగంగా మారితే వోల్టేజీ ఎక్కువ, చుట్లు ఎక్కువైతే ఇంకా ఎక్కువ. ఇంటర్ పిల్లలు సూత్రం రాసి మార్కులు తెచ్చుకుంటారు, కానీ ఆ సూత్రంలో డీ బై డీటీ అని, అంటే ఎంత వేగంగా మారుతోంది అని, ఉంటుంది చూడండి, అందులోనే విషయమంతా ఉంది. అది మర్చిపోయి అభివాహం విలువ ఒక్కటే పట్టుకుంటే కొలాడాన్ లాగా పక్క గదిలో ఉన్నట్టే.

ఇప్పుడు రెండో సంగతి. శ్రమ. ఈ రాగి గొట్టం మీటరు పొడవుంది. రాగికి అయస్కాంతం అంటుకోదు, ఇదిగో చూడండి, జారిపోతోంది. ముందు మామూలు ఇనుప ముక్కని గొట్టంలో వదులుతున్నాను. టక్కున పడింది, అర సెకను కూడా పట్టలేదు. ఇప్పుడు అదే సైజు అయస్కాంతం. వదిలాను... ఇంకా రాలేదు... పాపా, నువ్వు పైనుంచి తొంగి చూడమ్మా, ఏం కనబడుతోంది? మెల్లగా దిగుతోందా? ఆ, వచ్చింది.

ఎవరు ఆపారు దాన్ని? అయస్కాంతం కిందికి వస్తుంటే గొట్టంలో ప్రతిచోటా అయస్కాంత క్షేత్రం మారుతోంది. మారితే ఏం పుడుతుంది? కరెంటు. గొట్టం గోడలో గుండ్రంగా కరెంటు తిరిగింది. కరెంటు తిరిగితే ఏం పుడుతుంది? అయస్కాంత క్షేత్రం. ఆ కొత్త క్షేత్రం దేన్ని ఎదిరిస్తుంది? తనని పుట్టించిన మార్పునే. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న లెంజ్ అనే శాస్త్రవేత్త 1834లో చెప్పింది ఇదే. ఎదిరించకుండా సాయం చేస్తే ఏమయ్యేదో ఆలోచించండి. అయస్కాంతం కాస్త కదిలితే కరెంటు పుట్టి దాన్ని ఇంకా తోసేది, ఇంకా వేగం, ఇంకా కరెంటు, ఏ ఖర్చూ లేకుండా శక్తి ఊరికే పెరుగుతూ పోయేది. అలా జరగదు. యూట్యూబ్‌లో అయస్కాంతాలతో ఫ్యాను దానంతటదే తిరుగుతుందని, ఉచిత కరెంటు అని వీడియోలు పెడుతుంటారు. దయచేసి నమ్మకండి, డబ్బులు పెట్టి కొనకండి. లెంజ్ నియమం దగ్గర అవన్నీ ఆగిపోతాయి.

ఈ ఎదిరింపునే దాటుకుంటూ పవర్‌హౌసులు నడుస్తాయి. మాచ్‌ఖండ్ తీసుకోండి, ఇక్కడి నుంచి కొండల్లోకి, ఒడిశా సరిహద్దులో, డుడుమ జలపాతం దగ్గర. 1955లో మొదలైంది, ఆరు యంత్రాలు. పైనుంచి నీళ్లు పడి టర్బైన్ తిప్పుతాయి, టర్బైన్ అయస్కాంతాన్ని తీగచుట్టల మధ్య తిప్పుతుంది. ఎవరూ కరెంటు వాడకపోతే ఆ యంత్రాన్ని తిప్పడం తేలికే, రాపిడి తప్ప అడ్డేమీ లేదు. చుట్టల్లో కరెంటు పారడం మొదలైతేనే అది బరువెక్కుతుంది. మే నెలలో ఉక్కపోతకి రాత్రి తొమ్మిదింటికి విశాఖలో ఇంటింటా ఎయిర్ కండిషనర్ వేస్తారు కదా, ఆ వేసిన క్షణంలోనే ఎక్కడో జనరేటర్లు తిరగడానికి కాస్త ఎక్కువ కష్టపడతాయి. ఇది కవిత్వం కాదు, కొలవచ్చు. వేగం ఒక పిసరు తగ్గుతుంది, 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 ఊపులు అనేది, 49.9 వైపు జారుతుంది, అప్పుడు గేటు ఇంకాస్త తెరిచి నీళ్లో, సింహాద్రి లాంటి చోటైతే ఆవిరో ఎక్కువ వదలాలి. సింహాద్రిలో తిరిగే యంత్రం నిమిషానికి 3000 చుట్లు, అంటే సెకనుకి 50. మీ గోడ మీద ప్లగ్గులో ఉన్న 50 అక్కడి నుంచి వచ్చిందే.

ఈ ఎదిరింపు మనకి చేసే మేలు చూడాలంటే అరకు రైలు ఎక్కండి. కొత్తవలస నుంచి కిరండూల్ లైను. బైలడిల్లా నుంచి ఇనుప ఖనిజం నింపుకుని గూడ్సు బండ్లు శిమిలిగుడ దగ్గర దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు నుంచి ఘాట్ దిగి మన పోర్టుకి వస్తాయి. వేల టన్నుల బరువు, మెలికలు, సొరంగాలు. అంత బరువుని దిగేదాకా బ్రేకు దిమ్మలు ఒత్తే ఆపాలంటే చక్రాలు కాలిపోతాయి. అందుకని ఇంజనులో మోటార్లనే జనరేటర్లుగా మారుస్తారు. మోటారుకీ జనరేటరుకీ తయారీలో పెద్ద తేడా లేదు. కరెంటిస్తే తిరుగుతుంది, తిప్పితే కరెంటిస్తుంది. దిగుతున్న బండి చక్రాలు మోటారుని తిప్పుతాయి, కరెంటు పుడుతుంది, పుట్టిన కరెంటు చక్రాన్ని ఎదిరిస్తుంది. అదే బ్రేకు. పాత ఇంజన్లలో ఆ కరెంటుని రెసిస్టర్లలో, అంటే కరెంటుకి అడ్డుపడి వేడెక్కే తీగల్లో, వేడిగా తగలేసేవారు. కొత్త త్రీ ఫేజ్ ఇంజన్లు పైనున్న 25 వేల వోల్టుల తీగలోకే వెనక్కి పంపుతాయి. అంటే కొండ దిగే బండి ఇచ్చిన కరెంటు కొండ ఎక్కే ఇంకో బండికి అందవచ్చు. ఆ గొట్టంలో మెల్లగా దిగిన అయస్కాంతానికీ, అనంతగిరి ఘాట్‌లో దిగే గూడ్సుకీ నియమం ఒక్కటే. నాకైతే ఈ లైను మీద వెళ్లినప్పుడల్లా బొర్రా గుహల కన్నా ఇదే గొప్పగా అనిపిస్తుంది.

ట్రాన్స్‌ఫార్మర్ గురించి త్వరగా చెప్పేస్తాను. ఫారడే ఉంగరమే ట్రాన్స్‌ఫార్మర్. ఒక చుట్టలో కరెంటు మారుతూ ఉండాలి, అందుకే ఏసీ. బ్యాటరీ కలిపి వదిలేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఏమీ ఇవ్వదు, వేడెక్కుతుంది. చుట్లు ఎక్కువ తక్కువ చేసి వోల్టేజీ పెంచుతాం, తగ్గిస్తాం. పెంచడం ఎందుకు? తీగలో వేడిగా పోయే నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజీ పదింతలు చేస్తే అంతే శక్తికి కరెంటు పదోవంతు, నష్టం వందోవంతు. అందుకే సింహాద్రి నుంచి 4 లక్షల వోల్టులతో బయల్దేరి, దిగుతూ దిగుతూ మీ వీధి చివర 11 వేలు, అక్కడి నుంచి ఇంటికి 230. వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 'హుమ్' అని వినబడే మోత ఉంది చూడండి, అది లోపలి ఇనుప రేకులు సెకనుకి 100 సార్లు వణకడం. కరెంటు ఒకసారి ముందుకీ వెనక్కీ ఊగేలోగా క్షేత్రం రెండుసార్లు గరిష్ఠానికి వెళుతుంది కాబట్టి 50కి రెట్టింపు.

ఇండక్షన్ స్టవ్ గురించి ఇందాక లోపలికి వస్తూ ఒక అమ్మ అడిగారు, అల్యూమినియం గిన్నె ఎందుకు పనికిరాదని. మంచి ప్రశ్నమ్మా. స్టవ్ కింద చుట్టలో కరెంటు సెకనుకి సుమారు 20 వేల సార్లకి పైగా మారుతుంది. మారితే గిన్నె అడుగులో కరెంటు పుడుతుంది, ఆ కరెంటుకి ఇనుములో అడ్డు ఎక్కువ, దాంతో గిన్నె తనే వేడెక్కుతుంది. స్టవ్ వేడెక్కదు, గిన్నె వేడే గాజుకి తగులుతుంది. అల్యూమినియంలో అడ్డు మరీ తక్కువ, అయస్కాంత గుణమూ లేదు, సరిపడా వేడి రాదు. కొత్త గిన్నె కొనేముందు ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం తీసుకెళ్లండి, అడుగున గట్టిగా అంటుకుంటే కొనండి.

చివరగా, ఇది మాత్రం పెద్దవాళ్లు శ్రద్ధగా వినండి. మీటరు పక్కన ఎంసీబీ ఉంటుంది, ఎక్కువ కరెంటు లాగితే పడిపోతుంది. చాలామంది ఎంసీబీ ఉంది కదా, షాక్ కొట్టినా ఏం కాదు అనుకుంటారు. అది తప్పు. 16 ఆంపియర్ల ఎంసీబీ ఉందనుకోండి, మనిషి ప్రాణం తీయడానికి ఆంపియర్‌లో పదోవంతు చాలు. అది ఎంసీబీకి లెక్కలోకే రాదు, హాయిగా పోనిస్తుంది. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. దానిలో ఏముంటుంది? ఫారడే ఉంగరం! కరెంటు తెచ్చే ఫేజ్, తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్, రెండు తీగలూ ఒకే ఉంగరంలోంచి పోతాయి. వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉంటే ఒకదాని క్షేత్రం ఇంకోదాన్ని చెరిపేస్తుంది, ఉంగరంలో ఏ మార్పూ లేదు. గీజరు ఒళ్లోంచి గానీ, తడి చేత్తో పట్టుకున్న మీ ఒంట్లోంచి గానీ కరెంటు నేలలోకి పోతే, వెళ్లినదానికన్నా తిరిగొచ్చింది తగ్గుతుంది. ఉంగరంలో క్షేత్రం పుడుతుంది, ఏసీ కాబట్టి మారుతుంది, మూడో చుట్టలో వోల్టేజీ వస్తుంది, స్విచ్ పడిపోతుంది. ఇళ్లలో పెట్టేది 30 మిల్లీ ఆంపియర్లది, అంటే అంత తేడా వస్తే పడిపోయేది. సెకనులో చిన్న వంతులోనే ఆపేస్తుంది. ఒక్క సందర్భంలో మాత్రం కాపాడలేదు, నేలకి తగలకుండా ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే. దానికి మీరూ ఒక బల్బే, తేడా తెలియదు.

మనది సముద్రపు గాలి. ఉప్పు, చెమ్మ. తీగల జాయింట్లు, ఎర్త్ కడ్డీలు ఇక్కడ తొందరగా తుప్పు పడతాయి, లీకేజీలు ఎక్కువ. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ అని చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కండి. టక్కున పడిపోతే పనిచేస్తున్నట్టు. పడకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మార్పించండి, అసలు లేకపోతే పెట్టించండి. మాటిమాటికీ పడిపోతోందని తీసేసి నేరుగా కలిపేయమని కొందరు చెబుతారు, ఒప్పుకోకండి. అది పడిపోతోందంటే ఎక్కడో కరెంటు నేలలోకి పోతోంది. గీజరు, మోటారు, వాషింగ్ మెషీన్ ఒక్కొక్కటి ప్లగ్గు తీసి చూస్తే ఎక్కడిదో దొరుకుతుంది.

ఇక మీ ప్రశ్నలు. ఈలోగా గొట్టం, అయస్కాంతం ఇక్కడే ఉంటాయి, పిల్లలు వరసగా వచ్చి వదిలి చూడండి. ఫోన్లు, ఏటీఎం కార్డులు మాత్రం ఆ అయస్కాంతానికి దూరంగా పెట్టుకోండి.